వెలిసిపోయిన నల్ల గీత

పాలు మాడిపోయాయి. మాడితే మాడాయి గానీ, పొయ్యి పక్కనే నిలబడి కూడా ఆమెకు ఆ సంగతి తెలియలేదు. భర్త హాల్లోంచి ముక్కు మూసుకుంటూ వచ్చాడు. "వీధి చివరిదాకా మాడు వాసన కొడుతోంది! ముక్కుందా, ఊడిపోయిందా?" అన్నాడు. అత్తగారు అందుకుంది: "ఒళ్ళిక్కడ, మనసు అక్కడ. అందుకే ఆ ఉద్యోగం మానమనేది." సోమవారం రాజీనామా ఇచ్చేయాలని ఇంట్లో తీర్మానమైపోయింది, ఆమెను తప్ప అందరినీ అడిగి. మామగారికి పార్కిన్సన్స్. చెంచా నోటిదాకా వెళ్ళేసరికి సగం చొక్కా మీదే ఉంటుంది. తినిపించడానికి, తుడవడానికి ఒక మనిషి కావాలి. కన్నకొడుకు ఎదురుగానే ఉన్నాడు గానీ, ఇలాంటి పనులకు మగవాడు మనిషి కింద రాడు కదా!

"మెదళ్ళ సంగతి నీకు తెలిసినట్టు మాకేం తెలుసు తల్లీ," అంటుంది అత్తగారు. నిజమే, తెలుసు. ఆసుపత్రి ల్యాబులో చనిపోయినవాళ్ళ మెదళ్ళను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి స్లైడ్ల మీద పరిచేది ఆమే, పద్దెనిమిదేళ్ళుగా. నడిమెదడులో ఒక నల్ల గీత ఉంటుంది. అక్కడి కణాలు చిన్నతనం నుంచీ ఏటికేడు నల్లరంగును లోపలే దాచుకుంటూ పోతాయి, పారబోసుకునే దారి వాటికి లేదు. పట్టినంత పట్టాక చచ్చిపోతాయేమోనని పెద్ద డాక్టరుగారి అనుమానం. అప్పుడు ఆ నలుపు బయటికి ఒలికి పక్కవాటినీ దెబ్బతీస్తుందట. పార్కిన్సన్స్‌తో పోయినవాళ్ళ మెదడులో ఆ గీత వెలిసిపోయి ఉంటుంది. మొదటిసారి విన్నరోజు ఆమెకు నవ్వొచ్చింది, అన్నీ కడుపులో పెట్టుకుంటే దక్కేది ఇదా అని. "సర్దుకుపోవాలమ్మా" అంటూ పెంచిన తల్లి గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆ ఉదయం ల్యాబుకి వెళ్ళగానే పెద్ద డాక్టరు స్లైడ్ల పెట్టెను బల్ల మీద విసురుగా పెట్టాడు. "ఏంటమ్మా ఈ చీమకాళ్ళ రాత? భూతద్దం పెట్టినా నంబరు తెలియట్లేదు!" మందుల్లో ముంచితే సిరా కరిగిపోతుందని స్లైడు చివర గరుకు చోట పెన్సిల్‌తోనే రాస్తారు. చోటు చాలకే చిన్నగా రాస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. నిరుటి పెట్టె తీసి చూసింది. అదే చోటు, అంకెలు మాత్రం నిండుగా ఉన్నాయి. రాత చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం. ఈ రెండూ ఎంతమంది పార్కిన్సన్స్ రోగుల కాగితాల్లో చదవలేదు తను! చచ్చేంత భయం వేసింది.

తిన్నగా మెట్లు దిగి నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ నడవమంది, వేళ్ళు ఆడించమంది, మోచేతులు వంచి చూసింది.

"నడుస్తుంటే కుడి చెయ్యి ఊగట్లేదమ్మా. అదే జబ్బు. మొదట్లోనే ఉంది, మందులు వాడితే కొన్నేళ్ళు పని చేసుకోవచ్చు. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారా?"

జబ్బు పేరుకి రాని ఏడుపు ఆ ప్రశ్నకి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి భర్త రాజీనామా టైపు చేయించి ఉంచాడు, సంతకమే తరువాయి. మామగారు కంచం ముందు కూర్చుని ఆమె కోసమే చూస్తున్నారు. పాపం, ఆయన మీద ఆమెకు కోపం లేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. చేతులు మాట వినే ఆ కొన్నేళ్ళూ తనవి, ఎవరికీ ఇవ్వదు. చెంచా తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడతను.

"మామయ్యగారికి ఇవాళ్టినుంచి మీరే తినిపించండి. చెయ్యి అలవాటు పడాలిగా. ముందు ముందు ఇద్దరికి పెట్టాలి."