మార్ల్‌విక్‌లో రెండు వారాల వాన

శేషగిరిగారి ఇంట్లో శ్రేయాస్‌ని అందరూ వాతావరణ శాస్త్రవేత్త అనుకునేవాళ్లు. నిజానికి అతను పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్లకి వెదర్ యాప్ చేసి పెడుతుంది. అందులో అతని బాధ్యత మేఘం బొమ్మ. ఆ మేఘం ఎంత బూడిదరంగులో ఉండాలి, వేలితో నొక్కితే ఎంత ఉబ్బాలి అన్నది అతను కొన్నేళ్లుగా తేలుస్తున్నాడు. ఇంకా తేలలేదు.

అయినా ఫ్రిస్కోలో ఏ తెలుగువాళ్లు పెరట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా ముందు అతనికే ఫోన్ వచ్చేది. గొంతు సవరించుకుని, నవ్వకుండా, "ఆంటీ, ఆ రోజు ఎండకి మీ ప్రసాదం గిన్నెలోనే రెండోసారి ఉడుకుతుంది" అని చెప్పేవాడు. వాళ్లు పడీపడీ నవ్వి టెంట్ బుక్ చేసుకునేవాళ్లు. మొహంలో గీత కదలకుండా కోతలు కోయడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. దానితో వచ్చిన చిక్కల్లా ఒకటే. అదే మొహంతో నిజం చెప్పినా జనం అలాగే నవ్వుతారు.

నిధి దగ్గర అదే జరిగింది. శేషగిరిగారి ఒక్కగానొక్క కూతురు, అమెరికాలోనే పుట్టి పెరిగింది. శ్రేయాస్ ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో ఆదివారాలు వాళ్లింట్లోనే భోంచేసేవాడు. నిధే అతనికి డ్రైవింగ్ నేర్పింది. కిందటేడు ఒక సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో, బియ్యం బస్తా కారెక్కిస్తూ, "నిధీ, మనం పెళ్లి చేసుకుందాం" అన్నాడు. నెలల తరబడి అద్దం ముందు నిలబడి అరగదీసిన మాట.

"ఓ మై గాడ్ శ్రే, నీ ఫేస్!" అంది నిధి. ఆ బస్తా మీదే కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు. ఇంకేం చేస్తాడు?

తర్వాత ఆలివర్ వచ్చాడు. ఇంగ్లండ్ కుర్రాడు, నిధి ఆఫీసులోనే ఉద్యోగం. పప్పన్నం చేత్తో కలుపుకుని తింటాడు, గోంగూర మారు వడ్డించమంటాడు, శేషగిరిగారి మోకాళ్ల నొప్పి గురించి శేషగిరిగారి కంటే ఎక్కువ బాధపడతాడు. అసహ్యించుకోవడానికి ఒక్క కారణమైనా ఇవ్వని దుర్మార్గుడు.

పెళ్లి మార్ల్‌విక్‌లో అని నిశ్చయించారు. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు, మనుషుల కంటే పక్షులు ఎక్కువ. ఆలివర్ అమ్మమ్మ అక్కడే ఉంటుంది. ఆవిడ గుండె బలహీనం, విమానం ఎక్కొద్దని డాక్టర్ చెప్పాడు. అందుకని ఆవిడ ఇంటి వెనక ఇసుకలోనే పందిరి వేసి, ఆవిడ కళ్ల ముందే తాళి కట్టించాలని అందరూ ఒప్పుకున్నారు.

శ్రేయాస్‌కీ ఆ ఏర్పాటు నచ్చింది. అతని పాస్‌పోర్ట్‌లో వీసా గడువు తీరిపోయింది. దేశం దాటితే మళ్లీ స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి రాలేడు. "స్టాంపింగ్ లేదంకుల్" అంటే తెలుగువాళ్లలో రెండో ప్రశ్న అడిగేవాడు ఉండడు. చావు కబురు విన్నట్టు తలాడించి వదిలేస్తారు. నిధి మెడలో ఇంకొకడు తాళి కట్టడం చూడకుండా తప్పించుకోవడానికి అంతకంటే మర్యాదైన దారి లేదు.

పెళ్లి రెండు వారాలుందనగా శేషగిరిగారు కబురు చేశారు. వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ చుట్టూ అందరూ ఉన్నారు.

"నాయనా, మార్ల్‌విక్ సంగతి కాస్త చూడు. హోమం ఆరుబయట పెట్టుకోవచ్చా?"

శ్రేయాస్ లాప్‌టాప్ తెరిచాడు. రెండు వారాల అంచనాలో మొదటి వారాన్ని కొంత నమ్మొచ్చు. రెండో వారం దాదాపు చిలక జోస్యం. కంప్యూటర్ ఒకే రోజుకి యాభై రకాల ఆకాశాలు గీసి ఇస్తుంది. పెళ్లి రోజుకి నలభైతొమ్మిదింట్లో ఎండ, పిల్లగాలి. మిగిలిన ఒక్కదాంట్లో తుఫాను.

ఆ ఒక్కదాని దగ్గర అతని వేలు ఆగింది. పెళ్లి వాయిదా పడితే? వాయిదా పడ్డ పెళ్లిళ్లలో ఎన్ని అటకెక్కలేదు? ఈలోపు తను మాట్లాడొచ్చు, ఈసారి నవ్వు రాకుండా.

"అంకుల్, ఆ గాలికి పంతులుగారు మార్ల్‌విక్‌లో మంత్రం మొదలుపెడితే స్వాహా ఫ్రాన్స్‌లో వినపడుతుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. "స్టాపిట్ శ్రే, ప్లీజ్. సీరియస్‌గా చెప్పు" అంది నిధి.

అప్పుడతను స్క్రీన్ వాళ్లవైపు తిప్పి, ఆ ఒక్క బొమ్మే చూపించాడు. "లో ప్రెషర్ సిస్టమ్ వస్తోంది. టెంట్ సేఫ్ కాదు. నేనైతే రిస్క్ తీసుకోను" అన్నాడు. కోతల్లేవు, ఉపమానాల్లేవు. నవ్వులు ఆగిపోయాయి. జీవితంలో మొట్టమొదటిసారి అందరూ అతని మాట నమ్మారు.

"అగ్నిహోత్రం ఆరిపోతే ఇంకేమైనా ఉందా!" అంది నిధి వాళ్లమ్మ రేణు. "పోనీ అక్కడే ఏదైనా హాలు చూడకూడదా?"

"ఆ ఊళ్లో ఉన్నది ఒకటే హాల్ అమ్మా. ఫైర్ అలౌ చెయ్యరు. ఆలివర్ ఆల్రెడీ అడిగాడు" అంది నిధి.

శ్రేయాస్ లాప్‌టాప్ మూశాడు. ఇక మిగిలింది వాయిదా ఒక్కటే.

"వాయిదా అన్న మాటే లేదు" అన్నారు శేషగిరిగారు. "ఈ ముహూర్తం దాటితే ఆషాఢం. దాని వెనకే మూఢం. ఏడాది చివరిదాకా లగ్నాల్లేవు. తేదీ మార్చలేం కాబట్టి ఊరు మారుద్దాం. ఇక్కడే, ఫ్రిస్కోలోనే కానిచ్చేద్దాం."

వాన గురించి అన్నీ లెక్కేసిన శాస్త్రవేత్త ఆషాఢం సంగతి మర్చిపోయాడు.

"అయితే శ్రేయాస్ కూడా ఉంటాడు పెళ్లిలో!" రేణు మొహం వెలిగిపోయింది. "నీ స్టాంపింగ్ గొడవ కూడా తీరిపోయింది కదరా!"

ఆలివర్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చాడు. అమ్మమ్మ ఏమందని నిధి అడిగింది. పరవాలేదందిట. పెళ్లికని తీసిన గౌను మళ్లీ బీరువాలో పెట్టేస్తానందిట. అతను శ్రేయాస్ భుజం పట్టుకుని, "థాంక్స్ మేట్. ముందే చెప్పి మమ్మల్ని కాపాడావ్" అన్నాడు ఇంగ్లీషులో.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. శ్రేయాస్ నోరు తెరిచాడు. రేణు అందులో మైసూర్‌పాక్ ముక్క పెట్టింది.

పెళ్లి రోజున బాంక్వెట్ హాల్లో ఏసీ ధాటికి పెళ్లికొడుకు తరఫువాళ్లు శాలువాలు అడుగుతున్నారు. మండపం ఎదురుగా ఒక కుర్చీకి పట్టుచీర కప్పి, దాని మీద లాప్‌టాప్ పెట్టారు. అది అమ్మమ్మగారి సీటు. గౌరీపూజ ముగించి నిధి వచ్చేసరికి కాల్ కలిసింది. ఆవిడ తన ఇంటి వెనక ఇసుకలో, గౌను వేసుకుని, పెద్ద టోపీ పెట్టుకుని కూర్చుంది. వెనక సముద్రం ఇస్త్రీ చేసిన నీలం పట్టులా ఉంది. ఎండ ఎంత గట్టిగా ఉందంటే, స్క్రీన్ ముందు నిలబడ్డ పిల్లలు కళ్లు చికిలించుకున్నారు.

"ఎంత మంచి రోజో!" అంది ఆవిడ చెయ్యూపుతూ. ఆలివర్ నవ్వలేక నవ్వాడు.

నిధి శ్రేయాస్ వైపు తిరిగింది. "శ్రే, అక్కడ రెయిన్ లేదు."

"ఫోర్‌కాస్ట్ కదా. ఒక్కోసారి..."

"ఆ రోజు నువ్వు చూపించింది ఒక్క బొమ్మే. ఆ తుఫాను మిగతావాటన్నిట్లోనూ ఉందా, ఆ ఒక్క దాంట్లోనేనా?"

అతను ఏదో అనబోయాడు. ఈసారి మొహంలో గీత కదిలింది. నిధి అది చూసింది. నవ్వలేదు. ఈలోపు మేళం మోగింది, ఆమెని పీట మీదికి తీసుకెళ్లారు.

తాళి కట్టడం అయ్యాక పంతులుగారు మైక్ అందుకున్నారు. "లాజహోమం. అమ్మాయి దోసిట్లో పేలాలు పొయ్యాలి. అన్నదమ్ములెవరో రండి."

నిధికి అన్నదమ్ములు లేరని ఎవరో అన్నారు. శేషగిరిగారు హాలంతా వెతికి, గోడకి ఆనుకుని నిలబడ్డ శ్రేయాస్‌ని పట్టుకున్నారు. "లేకపోవడమేంటండీ, ఇన్నేళ్లు మా ఇంట్లో తిన్నవాడు! రా నాయనా!"

"అంకుల్, ఆ పోస్ట్‌కి నేను అప్లై చెయ్యలేదు" అన్నాడు శ్రేయాస్. గుండెల్లోంచి వచ్చిన మాట అది. హాలు హాలంతా గొల్లుమంది. రేణు అతన్ని మండపంలోకి తోసింది.

ఎవరో పేలాల పళ్లెం చేతిలో పెట్టారు. ఎదురుగా నిధి దోసిలి, దాని కింద ఆలివర్ చేతులు. శ్రేయాస్ పోశాడు. సగం పేలాలు నేల మీద పడ్డాయి.

"నిండుగా పొయ్యవయ్యా, చెల్లెలి దగ్గర పిసినారితనమా?" అన్నారు పంతులుగారు. మళ్లీ నవ్వులు.

అతను మళ్లీ పోశాడు. దోసిలి నిండింది. నిధి తలెత్తి సూటిగా అతని కళ్లలోకి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఆ పిలుపు పిలవని పిల్ల, ప్రతి అక్షరం ఒత్తి, అతనికి ఒక్కడికే వినపడేలా అంది.

"థాంక్స్, అన్నయ్యా."

పేలాలు నిప్పులో చిటపటలాడాయి. పంతులుగారు ఇంకోసారి పొయ్యమన్నారు.