డెబ్భై నాలుగో నంబరులో డైరెక్టరు గారు

మొహెద్దీన్ గారు మా బస్సుల సంస్థకు డైరెక్టరుగా వచ్చిన మొదటి వారంలోనే అందరి ముందూ ఒక మాట అన్నారు. "నేను నడిపించే బస్సు నేనే ఎక్కకపోతే ఏ మొహం పెట్టుకుని ఈ కుర్చీలో కూర్చోను?"

అప్పటికి ట్యూనిస్‌లోని ఆ ఆఫీసులో నేను చేరి ఇరవై రెండేళ్లు. నలుగురు డైరెక్టర్ల దగ్గర కార్యదర్శిగా చేశాను. నలుగురూ కార్లలో వచ్చారు, కార్లలోనే పోయారు. ఈయనదీ కొత్త మోజే అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక సోమవారం ఆయన తలుపు దగ్గరగా వేసి, "జకియా, గురువారం పొద్దున ఎత్తదామెన్ పేట నుంచి డెబ్భై నాలుగో నంబరు ఎక్కుతున్నాను. టికెట్ కొనుక్కుని, అందరిలాగే. మీరూ రండి. మూడో మనిషికి తెలియకూడదు" అన్నారు.

డెబ్భై నాలుగు మా హమ్మాదీ బావ నడిపే లైను. పొద్దున ఆరున్నరకు కుట్టుపని ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు, తాపీపనివాళ్లు అందరూ ఆ ఒక్క బస్సుకే వేలాడేవారు. దాని వెనక తలుపు మూసుకోక ఏడాదైంది. బాగుచేయించమని రాసి రాసి విసిగి, బావ దాన్ని తాడుతో కట్టి నడుపుతున్నాడు. వెనకటి డైరెక్టరొకాయన డిపోకు వెళ్లి, చిరిగిన సీటు చూసి, ఆ బస్సు డ్రైవరును అక్కడికక్కడే సస్పెండ్ చేశాడు. ఆ కాగితం టైపు చేసింది నేనే. ఇప్పుడీయన తాడు చూస్తే బావ ఉద్యోగం ఏమవుతుందో అని నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ సాయంత్రమే ఫోను చేశాను.

"బావా, గురువారం మా పెద్దాయన నీ బస్సెక్కుతున్నాడు."

"ఎక్కనీ. ఆ తాడు పట్టుకుని నిలబడితే ఆయనకే తెలుస్తుంది" అని నవ్వాడు బావ.

"నవ్వుకో. నీ ఉద్యోగం పోతే అక్క నా మీద చీపురు తిరగేస్తుంది. ముందు ఆ తలుపు సంగతి చూడు."

"తలుపు చూడాల్సింది నేనా మరదలా? సరే, అంత భయపడుతున్నావు కాబట్టి డిపో అధికారి చెవిన వేస్తాను."

ఆ అధికారికి అంతకంటే ఏం కావాలి! సముద్రం వైపు లైను నుంచి మూడు మంచి బస్సులు తెప్పించి, గురువారం ఒక్కరోజుకు డెబ్భై నాలుగుకు వేయించాడు. ఒకటి బావ చేతికిచ్చాడు.

గురువారం బస్సు నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చింది. తలుపులు సాఫీగా తెరుచుకుని సాఫీగా మూసుకున్నాయి. సగం సీట్లు ఖాళీ. మొహెద్దీన్ గారి పక్కన రొట్టెల బుట్టతో ఒక ముసలామె కూర్చుంది.

"ఏం పెద్దమ్మా, రోజూ బస్సు ఇలాగే వస్తుందా?" అని అడిగారాయన.

ఆమె ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "ఈ ఊరికి కొత్తా నాయనా? నేను బస్సులో కూర్చుని నాలుగేళ్లయింది. ఇవాళ ఏ మంత్రిగారి కూతురి పెళ్లో ఏమో, మనకీ రాజభోగం!"

బస్సంతా గొల్లుమంది. మొహెద్దీన్ గారు నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఏమంటోంది ఆవిడ?" అన్నారు.

అప్పుడైనా చెప్పవలసింది. "వేళాకోళం లెండి, మొహెద్దీన్ గారూ. మన జనం సంగతి మీకు తెలియనిదా?" అన్నాను. అద్దంలోంచి బావ నన్నే చూస్తున్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

ఆ నెలలో నలభై కొత్త బస్సులు వచ్చాయి. ఏ లైనుకు ఎన్ని ఇవ్వాలో జాబితా చేస్తూ ఆయన డెబ్భై నాలుగును కొట్టేశారు. "అది బాగానే ఉంది. నేను కళ్లారా చూశాను" అన్నారు. బావకు మళ్లీ ఆ తాడు బస్సే దక్కింది.

నవంబరు వానల్లో ఒకరోజు మలుపు దగ్గర తాడు తెగింది. మెస్‌బాహ్ అనే అతను రోడ్డు మీద పడ్డాడు. ఇళ్లకు గచ్చు పలకలు వేసే పనివాడు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది కానీ, మోకాళ్ల మీద కూర్చుని పని చేసే యోగం పోయింది.

విచారణలో, తలుపు ఏడాదిగా పాడైందన్నాడు బావ. అలాంటి కాగితమేదీ తన దగ్గరకు రాలేదన్నాడు డిపో అధికారి. మొహెద్దీన్ గారు అబద్ధమాడే మనిషి కాదు. ఆయన తన సాక్ష్యం నాకు చెప్పి రాయించారు: "సెప్టెంబరులో ఈ డ్రైవరు నడిపిన బస్సులోనే నేను స్వయంగా ప్రయాణించాను. తలుపులు సక్రమంగా పనిచేశాయి."

నా వేళ్లు ఆగిపోయాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. చివరి మాట వినబడలేదు."

ఆయన మళ్లీ చెప్పారు. నేను టైపు చేశాను.

తప్పంతా బావదేనని తేల్చి, ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కబురు తెలిసి నేను పరుగున వెళితే, బావ వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని మిరపకాయలు దండ గుచ్చుతున్నాడు.

"నేను ఫోను చేశానని ఎందుకు చెప్పలేదు బావా?"

"చెబితే? నీ ఉద్యోగమూ పోయేది. రెండిళ్లలోనూ పొయ్యి ఆర్పుకోవడం దేనికి?" అన్నాడు తల ఎత్తకుండా.

మర్నాడు మొహెద్దీన్ గారి గదిలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను.

"నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే కదా జకియా" అన్నారాయన.

"భయమేసింది."

"నేనంటేనా?"

"మీకు ముందున్న నలుగురంటే."

ఆయన తన సాక్ష్యం వెనక్కి తీసుకుంటూ స్వయంగా ఉత్తరం రాశారు. నన్ను రికార్డుల గదికి మార్చారు. మరునాటి నుంచి ఎవరికీ చెప్పకుండా రోజూ డెబ్భై నాలుగులో రావడం మొదలుపెట్టారు. చొక్కా నలిగి, ఊపిరాడక, గంట ఆలస్యంగా వచ్చేవారు. రెండు నెలల్లో ఆ లైనుకు ఆరు బస్సులు వేయించారు. ఆ వసంతంలోనే ఆయన్ని ఇంకో ఊరికి బదిలీ చేశారు. తర్వాత వచ్చినాయన కారులో వచ్చాడు. బావను మళ్లీ తీసుకున్నారు, కానీ స్టీరింగు ఇవ్వలేదు. బస్సులు కడిగే పనిలో పెట్టారు.

ఎండాకాలంలో ఒకరోజు మెస్‌బాహ్ ఇంటికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమని అడుగుదామనే వెళ్లాను. ఆఫీసు నుంచి వచ్చానంటే, అతని భార్య బాదం పలుకులు వేసి టీ తెచ్చి ఇచ్చింది. అతను కర్ర పక్కన పెట్టి మెల్లగా కూర్చున్నాడు.

"ఆ డ్రైవరన్న ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాడు. "పాపం, లోపలికి జరగండి, లోపలికి జరగండి అని అరుస్తూనే ఉన్నాడు. అతని తప్పేం లేదని మీ వాళ్లకు చెప్పండి."

చెబుతానన్నాను. టీ అంతా తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చి, వచ్చేశాను.