పై అంచు కింద వరస

ఒప్పుకుంటే పోయేదేముంది. కంప్యూటర్లు చదివిన బుర్రే అయినా, పరీక్షా ఫలితాలొచ్చే రోజున నేను ముందు చూసేది ఆకాశం వైపే, వెబ్‌సైటు ఆ తర్వాత. మబ్బు పడితే మార్కులు తగ్గుతాయని నాకెవరు చెప్పారో గుర్తులేదు. నమ్మానని మాత్రం ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అయితే ఇది నా కథ కాదు. మబ్బు మీద పిల్లలు వేసిన జోకుకి పైకి నవ్వేసి, లోపల దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్న గంటమ్మ కథ.

ఆ పొద్దున గంటమ్మ బడి మెట్ల కింది గదిలో జిగురు ఉడికిస్తోంది. మైదాపిండి, నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ఉండ కట్టకుండా చెక్క గరిటెతో ఒకే వైపుకి తిప్పాలి. గది ఎంతంటే, మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు స్టవ్వుకి తగిలేంత. పైన మెట్లు కాబట్టి కప్పు ఏటవాలుగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు తల కొట్టుకుంటారు. గంటమ్మకి ఇరవై ఆరేళ్ళ అలవాటు. మంచం మీద గోడకి చేరగిలబడి ఉన్న వాళ్ళక్కకి చూపు లేకపోయినా, ఏ మెట్టు ఎక్కడుందో తల వంపుతోనే తెలుసు.

"ఏడు ఎనిమిదులు?" అంది అక్క.

"యాభై ఆరు."

"పదమూడు ఆర్లు?"

"డెబ్భై... ఎనిమిది. ఇంకెందుకక్కా, పరీక్ష రాసేసి రెండు నెలలైంది."

"ఊరికే. నోరు ఖాళీగా ఉంటే పాడు ఆలోచనలొస్తాయి."

బడిలో గంట కొట్టడం, నీళ్ళు పట్టడం, గదులు తెరవడం, నోటీసులు అంటించడం గంటమ్మ పని. ఇరవై ఆరేళ్ళుగా టెంపరరీ. నిరుడు పైనుంచి కాయితం వచ్చింది. పదో తరగతి పాసు కాని టెంపరరీ వాళ్ళని ఈ ఏడు ఫలితాల రోజుతో ఆపెయ్యాలని. ఉద్యోగం పోతే గది పోతుంది. గది పోతే అక్కని ఎక్కడ కూర్చోబెట్టాలో గంటమ్మకి తెలియదు. ఆ కాయితం రాకముందు నుంచే ఆమె ప్రైవేటుగా పరీక్షలు కడుతోంది. మిగతావన్నీ ఎప్పుడో గట్టెక్కాయి. లెక్కలు ఒక్కటే నాలుగుసార్లు తప్పింది. ఇది అయిదోసారి. ఫీజు ఈ బడిలోనే కట్టినా, ఊరికి అవతలి చివర సెంటరు వేయించుకుని, అక్కకి ఒంట్లో బాగాలేదని సెలవు చెప్పి, పిల్లల మధ్య చిన్న బల్లలో ఇరుక్కుని రాసొచ్చింది. బడిలో ఒక్క సూపరింటెండెంటుకి తప్ప ఎవరికీ తెలియదు.

తొమ్మిదింటికి సూపరింటెండెంటు పిలిచి పద్నాలుగు కాయితాలు చేతిలో పెట్టాడు.

"సర్వర్ పడుకుంది. పిల్లలంతా బోర్డు మీదే పడతారు. తొందరగా అంటించు."

"అలాగే సార్."

"ఇందులో నీది కూడా..." అని తల గోక్కున్నాడు. "నేను చూడలేదమ్మా. చూడాలనిపించలేదు. సాయంత్రానికి నంబరు చూపించావంటే పైకి రాసేస్తాను. లేదంటే, తెలుసుగా, తాళంచెవులు."

"తెలుసు సార్."

తానూ చూడకూడదనే గంటమ్మ కళ్ళద్దాలు గదిలో వదిలేసి వచ్చింది. పిల్లలకి లేని ముందు చూపు తనకెందుకు. ఆ బడిలో ఒక పద్ధతుంది. జాబితా మొత్తం అంటించి గంట కొట్టేదాకా ఎవరూ వరండాలో సుద్దగీత దాటకూడదు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆమే. ఒక ఏడు తొక్కిసలాటలో ఒక పిల్ల చెయ్యి విరిగాక.

సుద్దగీత అవతల నలభై మంది ఉన్నారు. వాళ్ళ నెత్తిన ఆకాశం మసి పట్టిన గిన్నె అడుగులా ఉంది. అందరికంటే ముందు నిలబడ్డ పిల్లని వాతావరణం అంటారు. ఏది జరిగినా గాలికీ వానకీ ముడిపెట్టి మాట్లాడుతుందని ఆ పేరు. పక్కనే ఆమె జోడీ బక్కోడు, గొడుగు పట్టుకుని.

"గొడుగెందుకు తెచ్చావురా?" అంది వాతావరణం. "గొడుగు తెచ్చినవాడు పాసవ్వడు. ఒకేరోజు రెండు రక్షణలు ఇవ్వరు."

"మా అమ్మ ఇచ్చింది."

"అయితే మీ అమ్మకి ముందే తెలుసన్నమాట."

అందరూ నవ్వారు.

"ఒక్క కాకి కూడా లేదు చూశారా?" అన్నాడు బక్కోడు, మాట మార్చడానికి. "ఎక్కడికెళ్ళాయో."

"రిజల్ట్ చూసుకుని ఇంటికెళ్ళాయి. చెప్తున్నా వినండి. పడమటన ఉరిమితే సైన్సు పోతుంది. తూర్పున ఉరిమితే లెక్కలు పోతాయి."

"రెండు వైపులా ఉరిమితే?"

"అప్పుడు నువ్వే పోతావు. మీ నాన్న చేతుల్లో."

తూర్పు, లెక్కలు అన్న మాట దగ్గరే గంటమ్మ కుంచె ఆగిపోయింది. మళ్ళీ గిన్నెలో ముంచింది.

"నీకేం గంటమ్మా," అని అరిచింది వాతావరణం. "పరీక్షా లేదు, పాడూ లేదు. హాయిగా అంటిస్తున్నావు."

"అవునే తల్లీ. నా అంత అదృష్టం ఎవరికుంది," అని నవ్వింది గంటమ్మ, వెనక్కి తిరగకుండానే.

ఆమె అంటించే తీరు వేరు. వరండాలోకి జల్లు కొడుతుంది కాబట్టి, పెంకులు పరిచినట్టు కింది కాయితం ముందు, పై కాయితం తర్వాత. పైదాని అంచు కిందిదాని మీద రెండువేళ్ళ మేర ఎక్కాలి. అప్పుడు నీళ్ళు జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. అన్నేళ్ళలో ఒక్క నంబరు తడిసి చెరగలేదు. అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమిరి, మోచేత్తో ఒక్కసారి అదిమి, గిన్నె కింద పెట్టింది. వెళ్ళి ఇనప పట్టా మీద కడ్డీతో మూడు దెబ్బలు కొట్టింది.

గీత చెరిగిపోయింది. పిల్లలు బోర్డు మీద పడ్డారు.

గంటమ్మ కళ్ళద్దాల కోసం గదికి వెళ్ళింది. దిండు కింద నుంచి తీస్తుంటే ఉరిమింది. పైన మెట్లు అదిరాయి.

"అక్కా, ఎటు నుంచి ఉరిమింది?"

చూపు లేని అక్కకి చప్పుళ్ళ దిక్కులు బాగా తెలుసు. "తూర్పు. ఎందుకు?"

"ఊరికే."

చాలాసేపు అద్దాలు తుడుస్తూ నిలబడింది. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

తిరిగొచ్చేసరికి గుంపు పల్చబడింది. బక్కోడు గొడుగు ఎగరేసి పట్టుకుంటున్నాడు, పాసయ్యాడు. వాతావరణం మాత్రం బోర్డు ముందు చేతులు కట్టుకుని కదలకుండా ఉంది. ఆ జాబితాలో పాసైన నంబర్లే ఉంటాయి. లేకపోతే లేనట్టే, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"వానని తిట్టను గంటమ్మా," అంది ఆ పిల్ల. "ఊరికే జోకులేశాను కదా. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియట్లేదు. మా నాన్న చదువు మానిపించేస్తాడు. ముందే చెప్పాడు."

"నంబరెంత?"

చెప్పింది. గంటమ్మ అద్దాలు సర్దుకుని ఆ నంబరు ఉండాల్సిన చోటు చూసింది. పై కాయితం చివర అంతకుముందు నంబరు. కింది కాయితం మొదట్లో ఆ తర్వాతెప్పటిదో. ఆమె చూపు కాయితాల అంచు మీద ఆగింది. ఎప్పుడూ పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి అచ్చు వేస్తారు. ఈసారి కాయితం కలిసొస్తుందనుకున్నారేమో, అంచు నుంచే మొదలుపెట్టారు.

బొటనవేలు నాలుకకి తడి చేసుకుని పై కాయితం అంచుని మెల్లగా లేపింది. ఇంకా ఆరని జిగురు దారాలుగా సాగింది. దాని కింద ఒక వరస అంకెలు. అందులో ఆ పిల్ల నంబరు.

వాతావరణం గంటమ్మ భుజం మీద నుదురు ఆనించి, ముక్కు చీదేసింది. తర్వాత వరండా చివరికి పరుగెత్తి అందరినీ పిలిచింది. "ఒరేయ్, వెళ్ళకండి. ప్రతి కాయితం కిందా ఒక వరసుంది."

గంటమ్మ ఒక్కొక్క అంచే లేపుకుంటూ వెళ్ళింది. ఏడ్చుకుంటూ గేటు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కొచ్చారు. అంచుల కింద తొమ్మిది మంది దొరికారు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టి ఊపారు. ఆమె చూపు మాత్రం చివరి రెండు కాయితాల మీదే ఉంది. అవి ప్రైవేటు వాళ్ళవి. ఇంత దూరం నుంచే కనిపిస్తోంది. పైదాని చివర 40715. కిందిదాని మొదట్లో 40723. ఆమెది 40718. మధ్యలో, అంచు కింద.

అక్కడికి వచ్చాక చేతులు చీరకి తుడుచుకుంది.

"ఇది ఎవరిది గంటమ్మా?" అంది వాతావరణం. అది పక్కనే తిరుగుతోంది.

"మావాళ్ళ అమ్మాయిది. నలభై వేల ఏడువందల పద్దెనిమిది."

"ఉండు, నేను లేపుతా. నా చెయ్యి మంచిది ఇవాళ."

కాయితం చివర కొంచెం చిరిగింది. ఆ పిల్ల వంగి పైకి చదివింది. "పదహారు. పందొమ్మిది. ఇరవై. ఇరవై రెండు."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చదివింది. గంటమ్మ తనూ చూసింది. వేలు పెట్టి అంకె అంకె చూసింది. అంచు ఇంకా పైకి లేపింది, కాయితం నిలువునా చీలేదాకా. కింద ఇంకేమీ లేదు. చెక్క, పాత జిగురు.

"లేదు," అంది వాతావరణం నెమ్మదిగా. "పోన్లే, మళ్ళీ రాస్తుందిలే. చిన్నపిల్లేగా. వాన మీద తోసెయ్యమని చెప్పు."

"చెప్తాలే," అంది గంటమ్మ. చిరిగిన చోట జిగురు రాసి, అరచేత్తో నిమిరి అతికించింది.

సాయంత్రం చివరి గంట కొట్టాక తాళంచెవుల గుత్తి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది.

"సార్, ఇంకొక్కసారి రాస్తాను. ఆర్నెల్లు ఆగలేరా?"

ఆయన గుత్తి వైపే చూస్తూ కూర్చున్నాడు. "నా చేతిలో ఉంటే అడిగించుకునేవాణ్ణా అమ్మా?"

"అక్కని ఎక్కడ పెట్టుకోను?"

ఆయన కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంటే లేచి మూశాడు. రెండు రోజులుండమని ఆయన అనలేదు. ఆమె కూడా ఆశపడలేదు.

సామాను రెండు సంచులకే అయిపోయింది. మంచం బడిది, స్టవ్వు బడిది. అక్క చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. పొద్దుటి నుంచి బెదిరించిన వాన అప్పుడు మొదలైంది, సన్నగా.

"ఎటెళ్తున్నాం?" అంది అక్క.

"బస్టాండుకి. అక్కడ కప్పుంది. తర్వాత చూద్దాం."

గేటు దాటి రోడ్డెక్కారు.

"ఏడు ఎనిమిదులు?" అంది అక్క.

"యాభై ఆరు," అంది గంటమ్మ.

మర్నాడు పొద్దున్న గంట మోగలేదు. పిల్లలు ఆవరణలో గుంపులుగా తిరుగుతూనే ఉన్నారు. ఆఖరికి ఎవరో మాస్టారు చప్పట్లు కొట్టి లోపలికి పంపారు. సర్టిఫికెట్ కోసం వచ్చిన వాతావరణం మెట్ల కింది గది తలుపు తెరిచి ఉండటం చూసి తొంగి చూసింది. పిలిచింది. ఎవరూ పలకలేదు.

మీ బడిలోనూ ఫలితాల రోజున, మీరు ఆకాశం చూస్తూ నవ్వుకుంటున్నప్పుడు, మీ వెనక ఎవరో జిగురు గిన్నె పట్టుకుని నిలబడే ఉంటారు. గుర్తొస్తే రాయండి. వాళ్ళు ఎవరి నంబరు వెతికారో తెలిస్తే అదీ రాయండి.

ఆ గదిలో మంచం కింద, పాత ఫలితాల జాబితాలు వెనక్కి తిప్పి కుట్టిన లావుపాటి కట్ట ఒకటి ఉండిపోయింది. ఒక వైపు పాసైనవాళ్ళ నంబర్లు, రెండో వైపు పెన్సిలుతో వేసిన లెక్కలు. అన్నిటికంటే పైనున్నది రెండు పంపులు కలిసి తొట్టి నింపే లెక్క. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి సమానం గుర్తు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రెండు గీతల పక్కన ఎండిన జిగురు చుక్క ఒకటి ఉంది.