దిఫ్తెరా అంటే తోలు

మా హగరి చేనులో ఎద్దులు కపిల లాగితే ముందు గిలక కుయ్యిమంటుంది. ఆ తర్వాతే బావిలోంచి తోలుసంచి పైకొస్తుంది — నల్లగా, తడిగా, బరువుగా.

ఆ పొద్దు నా మూడేళ్ళ బిడ్డ గొంతులో గిలక మోగింది.

ఊపిరి లాగితే కుయ్యి... వదిలితే కుయ్యి...

కంపౌండరు రాజగోపాలయ్య బిడ్డ నాలుక మీద చెంచా ఆనించి చూసినాడు. లోపల బూడిదరంగు పొర.

"డిఫ్తీరియా. ఇప్పుడే బళ్ళారి ఆస్పత్రికి ఎత్తుకపోండి."

ఆయన సైకిలు సందు మలుపు తిరిగిందో లేదో, మా అత్త సుందరమ్మ లేచింది.

"చూస్తివా, నేను చెప్పలే? కంపౌండరప్ప కూడా దిష్టే అంటాండాడు! దిష్టికి రైలేంటికి? ఉప్పూ మిరపకాయలూ తే."

డిఫ్తీరియా ఆమె చెవికి దిష్టిగా వినపడింది. అది దిష్టి కాదని నాకు తెలుసు.

ఆరో తరగతిలో ఆగిన చదువు నాది. అయినా తెలుసు.

మాట గొంతు దాకా వచ్చింది. దాటలేదు.

మిరపకాయలు నిప్పుల్లో పడినాయి. బిడ్డ దగ్గలేదు — దగ్గడానికి దారి ఏదీ?

"ఎంత దిష్టో సూడు! దగ్గు కూడా రాలే," అనింది అత్త.

ఒక పగలు పోయింది.

మరునాడు పొద్దున హగరి స్టేషన్లో బండెక్కినాను. మా ఆయన తుంగభద్ర కాలువ పనిలో ఉన్నాడు. ఎవర్నీ అడగలేదు.

ఆస్పత్రిలో ఇటలీ సిస్టరమ్మ సూది వేసింది.

"సాయంత్రం దాకా చూడాల అమ్మా. నిన్ననే తెచ్చుంటే..."

సూది పళ్ళెంలో పెట్టేసింది.

ఆ నిన్నను ఆమె మళ్ళీ ఎత్తకూడదని, నోటికొచ్చింది అడిగినాను. "ఈ డిఫ్తీరియా అనే మాట మీ ఊర్లోనూ ఉండాదా సిస్టరమ్మా?"

ఆమె మంచం అంచున కూర్చుంది. వాళ్ళ ఊర్లో దిఫ్తెరీతె అంట. ఫ్రెంచివాళ్ళకు దిఫ్తెరీ. స్పెయినులో దిఫ్తేరియా. అన్నిటికీ తల్లి గ్రీకులో ఉందంట — దిఫ్తెరా.

అంటే తోలు.

గొంతులో తోలు కడుతుంది గనక ఆ పేరు.

"అప్పట్లో తోలు మీదే రాసేది. మీ దఫ్తరు కూడా ఆ తల్లి బిడ్డే."

దఫ్తరు...

అది నాకు తెలిసిన మాటే. నా పెండ్లి కుదిరిన నాడు బడి దఫ్తరులో అయ్యవారు నా పేరు కొట్టేసినాడు. ఒకటే గీత. సిరా ఆరేదాకా ఊదినాడు కూడా.

ఎన్ని దేశాలు తిరిగి వచ్చిందో ఈ తోలు. ఒక తోలులో నా పేరు లేదు. ఇంకొకటి నా బిడ్డ గొంతులో.

సిస్టరమ్మ ఆస్పత్రి దఫ్తరు తెరిచింది.

"బిడ్డ పేరు?"

"పంకజాక్షి."

ఈసారి మాట దాటింది. వార్డంతా తిరిగి చూసింది.

"రాసుకోండి సిస్టరమ్మా... కొట్టెయ్యొద్దండి."

ఆమె రాసింది. పక్కన, చివరికి ఏమైందో రాసే గడి ఖాళీగా వదిలింది.

కిటికీలో ఎండ వాలుతోంది.

కుయ్యి... కుయ్యి...

గిలక తిరుగుతూనే ఉంది. తోలు పైకొస్తాంది.

నీళ్ళతోనో, ఉత్తదో —

గట్టు దాకా వస్తేగాని తెలీదు.