కప్పుకు ఎనిమిది ఔన్సులు

మా ఆయనకు తెలియని సంగతి ఈ లోకంలో ఒక్కటీ లేదు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. కోయంబత్తూరు మిల్లులో స్పిన్నింగ్ మాస్టరు. పగలంతా పత్తిని తూచి, సాయంత్రం ఇంటికొచ్చి నన్ను తూస్తారు.

మిల్లుకు కొత్తగా వచ్చిన మేనేజరు సుబ్రమణియం ఇంగ్లండులో చదివిన మనిషి. ఆయన్ని ఆదివారం భోజనానికి పిలుస్తూ, "మా ఇంట్లో ఆమె బి.ఏ. చదివిండాది, చీజు వంట చేస్తాది" అని మాటిచ్చేశారు. నేను చదివింది చరిత్ర. చీజు ముఖం చూసిందే లేదు. కానీ వంట చెడితే క్వార్టర్సు పదహారిళ్లలోనూ పోయేది నా పేరే.

లేడీస్ క్లబ్బు వాళ్లిచ్చిన కాగితంలో ఉర్లగడ్డల మీదికి, అంటే బంగాళాదుంపల మీదికి, "తురిమిన చీజు రెండు కప్పులు" అని ఉంది. కొట్లో అమ్మేదేమో పౌండ్ల లెక్క.

"కప్పుకు ఎనిమిది ఔన్సులు. రెండు కప్పులంటే ఒక పౌండు. ఇదేమన్నా పెద్ద కణక్కా, లెక్క తప్పేదానికి?" అని మా ఆయన ఊటీ నుంచి ఒక పౌండు, చాలకపోతే ఉండనీ అని మరో అర పౌండు తెప్పించారు. కొండ దిగి మేట్టుపాళయం చేరేసరికే దానికి చెమట పట్టినట్టుంది. పొట్లం విప్పగానే మా అత్త రంగనాయకి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మీ, అటక మీద ఎలుక చచ్చిండాదా?"

"లేదత్తా, ఇది పాలతో చేసింది."

"ఏ పిశాచి పాలు?"

కొబ్బరి కోరే పీట మీదే తురిమాను. జిడ్డు పీట పళ్లకు పట్టింది, నా గోళ్లలో దూరింది. సీకాయతో మూడుసార్లు రుద్దినా చేతికి తడి మేజోళ్ల కంపు వదల్లేదు. తర్వాత వారం పాటు మా కొబ్బరి పచ్చడి ఎలా ఉందో చెప్పను, మీరు భోంచేయాలి కదా.

అనుమానమొచ్చి కప్పెడు తురుము ఆయన నూలు తూచే త్రాసులో పెట్టాను. నాలుగు ఔన్సులు. మళ్లీ తూచాను. నాలుగే.

"ఏమండీ, కప్పుకు నాలుగే తూగుతాది. అర పౌండు చాలు."

"అదే కప్పులో నీళ్లు ఎనిమిది తూగుతాయి కదా?"

"నీళ్లలో సందులుండవు. తురుములో అన్నీ సందులే."

"ఆ త్రాసు నూలుకు, చీజుకు కాదు. పౌండంతా వెయ్యి!"

వేశాను. పెనిమిటి మాట జవదాటే దాన్ని కాను. మిగిలిన అర పౌండుతో ఇంకో గిన్నెలో నా లెక్కన చేసి, మూతపెట్టి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వడ్డించేటప్పుడు ఆయన లెక్కన చేసిన గిన్నె మూత తీస్తే పైన పసుప్పచ్చటి నూనె మడుగు కట్టింది. గరిటె ఎత్తితే మూరెడు తీగ వచ్చింది. మేనేజరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు, ఇంకా నమిలారు, చివరికి నీళ్లతో మింగారు.

"ఏం మాస్టర్, మిషను బెల్టుకు పూసే జిగురా ఇది?"

మా ఆయన మీసానికి ఒక తీగ వేలాడుతోంది. "ఏం చేసేది సార్, చదువుండాది కానీ ఈమెకు వంట చేతకాదు" అన్నారు.

లోపలికెళ్లి రెండో గిన్నె తెచ్చి పెట్టాను. మేనేజరు భయం భయంగా రవ్వంత తిన్నారు, ఆ తర్వాత గిన్నెనే దగ్గరికి లాక్కున్నారు.

"ఇది బాగుందే! రెంటికీ ఏం తేడా?"

"ఇందులో చీజు సగమే వేశాను సార్" అన్నాను, మా ఆయన్ను చూడకుండా.

వాకిలి దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డ అత్త కొంగు తీసింది. ఆమె తిరుమంగళం పక్క పత్తి రైతు కూతురు, మా తూకం గొడవంతా విన్న మనిషి.

"ఒరే, బేలులో అదిమిన పత్తి ఒక గంప, విప్పిన పత్తి ఒక గంప. రెండూ ఒకే తూకమా? రోజూ ఆ పనే కదరా నీది?"

మా ఆయన మీసం తుడుచుకున్నారు. ముందున్న జిగురు ముద్దను ఒకసారి, నన్ను ఒకసారి చూశారు.

"ఈమె నాలుగే అని తూచి చెప్పిండాది సార్. ఎనిమిదన్నది నేను. తప్పు నాదే."