కుడిచేతి కడియం

మా హీరో పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది జై కొడతారు, మిగతా సగం నన్ను తిడతారు. రెండూ నాకిప్పుడు అక్కర్లేదు. ఆయన కుడిచేతికి రాగి కడియం ఉంటుంది. చనిపోయే ముందు వాళ్లమ్మ తొడిగిందని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. తెర మీద పోలీసైనా, దొంగైనా, రాజైనా ఆ కడియం తీయడు. అభిమానులు ఆయన మాటనైనా మరిచిపోతారేమో గాని, ఆ కడియం ఏ చేతికుందో మరిచిపోరు.

నా పేరు మాత్రం చెబుతాను. తన్మయి. ఈ గొడవంతా ఆ పేరు గురించే.

మాది చిక్కడపల్లి. మా నాన్న బాలకిషన్‌కు అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపుంది. కోచింగ్ పిల్లలు నోట్సు కాపీలు తీయించుకునే షాపు. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే కూర్చుంటున్నాను. మిషన్ కాగితాలు కక్కుతున్నంతసేపూ, పాడైన కాపీల వెనక బాల్ పెన్నుతో మా హీరో బొమ్మలు గీస్తుంటాను. ఐదేళ్లుగా ఇదే పని. నా పేజీకి రెండువందల పన్నెండు మంది ఉన్నారు. వాళ్లలో చాలామంది నాలాంటి చిన్న ఆర్టిస్టులే. నువ్వు నా బొమ్మకు లైక్ కొడితే నేను నీ బొమ్మకు కొడతానని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. బొమ్మ చూడకుండానే కొట్టేస్తాం. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం.

నిజంగా నలుగురి కంట్లో పడాలంటే పెద్ద ఫ్యాన్ పేజీ మన బొమ్మ పెట్టాలి. మా హీరో పేజీల్లో అన్నిటికంటే పెద్దదానికి ఆరు లక్షల మంది. దాన్ని నడిపేది కృష్ణచైతన్య. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాట మెత్తన. హీరో పుట్టినరోజుకు నెల ముందు నాకు ఫోన్ చేశాడు.

"సిస్టర్, బర్త్‌డేకి ఒక స్పెషల్ బొమ్మ వేసివ్వండి. పేజీలో పెడతాం. నారాయణగూడ చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కొట్టిస్తున్నాం."

"నా పేరు ఏస్తరా?"

"అయ్యో, వేయకుండా ఎలా ఉంటామండీ!"

పంతొమ్మిది రోజులు గీశాను. పెన్నుతో పని కాబట్టి చెరపడం ఉండదు, గీత తప్పితే కాగితం చింపాల్సిందే. మూడు కాగితాలు చింపాను. కుడిచేతి కడియం ఒక్కదానికే రెండు రోజులు పట్టింది. దాని మీద చిన్న సొట్ట ఉంటుంది, అదీ వేశాను. మోచేతి కింద తన్మయి అని సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాను.

పుట్టినరోజు పొద్దున పేజీ తెరిచాను. నా బొమ్మే. రంగులు అద్దారు, వెనక మంటలు పెట్టారు, పైన అభిమాన సంఘం ప్రెసిడెంట్ రాము అన్న ఫోటో, కింద వరుసగా పేర్లతో సహా కమిటీ వాళ్ల గుండ్రటి ఫోటోలు పధ్నాలుగు. నా సంతకం ఉండాల్సిన చోట ఎవరో కూలింగ్ గ్లాసులాయన నవ్వుతున్నాడు. ఫ్లెక్సీ డిజైన్నే పేజీలోనూ పెట్టేశారు. తొమ్మిది గంటలకల్లా నలభై వేల లైకులు. నా పేరు ఒక్క మూలైనా ఉంటుందేమోనని బొమ్మను పెద్దది చేసి చేసి వెతికాను. లేదు. ఒళ్లు మండిపోయింది. సిగ్గు లేకుండా సంతోషం కూడా వేసింది. నలభై వేల మంది నా గీత చూశారు మరి.

ఫోన్ చేశాను.

"స్పేస్ సరిపోలేదు సిస్టర్," అన్నాడు కృష్ణచైతన్య. "అయినా ఆయన పుట్టినరోజున మన పేర్లెందుకండీ? అభిమానంతో చేసే పని కదా."

"మరి ఆ పధ్నాలుగు మందివి పేర్లు కావా?"

"వాళ్లు కమిటీ కదండీ," అని పెట్టేశాడు.

పదకొండింటికి ఎవడో కామెంట్ పెట్టాడు: కడియం ఎడమచేతికుందేంటి? అప్పుడు చూశాను నేను కూడా. అంతసేపూ నా కళ్లు నా పేరు వెతుకుతున్నాయి కాబట్టి చెయ్యి కనబడలేదు. నిజమే, కడియం ఎడమచేతికే ఉంది! పాపిడి కూడా అటుది ఇటు అయింది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేశారు.

ఇక మొదలైంది. తల్లి గుర్తును అవమానించారన్నారు. మనిషి గీసింది కాదు, ఏఐతో చేయించారన్నారు. అవతలి హీరో మనుషులు పేజీలో దూరారన్నారు. మధ్యాహ్నానికి పేజీ వాళ్లు ఒక ప్రకటన పెట్టారు. 'ఈ బొమ్మతో మాకు సంబంధం లేదు. అశోక్ నగర్‌కు చెందిన తన్మయి అనే ఆర్టిస్ట్ పంపారు. జరిగిన పొరపాటుకు పూర్తి బాధ్యత వారిదే.' కింద నా పేజీ లింకు. అక్షరం పొల్లు పోకుండా నా పేరు. పొద్దున వేలెడంత జాగా లేదన్నవాళ్లకు మధ్యాహ్నం నా పేరుకు ఎంత జాగా దొరికిందో చూడండి!

రెండువందల పన్నెండు మంది కాస్తా సాయంత్రానికి తొమ్మిది వేలు దాటారు. అందరూ తిట్టడానికే వచ్చినవాళ్లు. ఐదేళ్ల కిందటి బొమ్మల కింద కూడా తిట్లు రాశారు. కొన్ని చదివి నాన్న కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గీ బొమ్మ నేనెయ్యలే అని పెట్టెయ్ బిడ్డా. అయిపోతది," అన్నాడు.

"నేనే ఏసిన గద నాయినా."

"ఎవలికి తెలుసు నువ్వేసినట్టు?"

తిట్లకంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నాన్న చెప్పింది నిజం. నేను కాదంటే చాలు, అందరూ వెళ్లిపోతారు. బొమ్మ కూడా వెళ్లిపోతుంది. అసలు కాగితాన్ని అట్టలో పెట్టి చంకలో ఇరికించుకుని బయల్దేరాను.

ముందు ఆ ఫ్లెక్సీ కొట్టిన చిక్కడపల్లి షాపుకు వెళ్లాను. డిజైన్లు చేసే ఈదయ్య మామ మా నాన్నకు పాత దోస్తు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"సంతకంల తన్మయి అంటె నువ్వే అనుకోలే బిడ్డా. రాము అన్న తిప్పమన్నడు. ఆయన ఫోటో ఎడమదిక్కు ఉన్నది, నువ్వేమో హీరో చూపు కుడిదిక్కు పెట్టినవ్. హీరో నన్ను చూడాలె గద అన్నడు. కడెం ఎడమచేతికి పోతదన్నా అని చెప్పిన. ఎవడు చూస్తడు పో అన్నడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను నవ్వలేదు, ఏడవలేదు. ఆటో ఎక్కాను.

నారాయణగూడ చౌరస్తాలో డప్పులు మోగుతున్నాయి. ఫ్లెక్సీ కింద రాము అన్న కేక్ పంచుతున్నాడు. పైన నా బొమ్మ, మెట్రో పిల్లరంత ఎత్తున, ఎడమచేతి కడియంతో. ఆ చౌరస్తాలో నిలబడి మొదటిసారి నా గీతలను అంత పెద్దగా చూశాను. ఒక్క నిమిషం అన్నీ మరిచిపోయాను. తర్వాత ఫోన్ తీసి లైవ్ పెట్టాను. తిట్టడానికి కాచుకుని ఉన్నవాళ్లు కదా, క్షణంలో రెండు వేల మంది చేరారు.

"రాము అన్నా, లైవ్ నడుస్తుంది. ఒక్క మాట చెప్పు. ఈ బొమ్మ ఎందుకు తిప్పించినవ్?"

తడబడతాడనుకున్నాను. ఆయన కెమెరా చూడగానే కాలరు సర్దుకున్నాడు.

"అవ్, నేనే తిప్పమన్న. ప్రెసిడెంట్‌ను నేను. ఫ్లెక్సీ కట్టించింది నేను. హీరో నా దిక్కు చూడకుంటే ఎవల దిక్కు చూస్తడు?"

"కడెం ఎడమచేతికి వచ్చింది గద?"

"ఏ చేతికుంటే ఏంది చెల్లె? కడెమే గద!"

డప్పులు కొట్టేవాళ్లు ఆగిపోయారు. నేను అట్ట విప్పి అసలు బొమ్మ చూపించాను. కుడిచేయి, కడియం, సొట్ట, నా సంతకం. అన్నీ లైవ్‌లో కనిపించాయి.

పది నిమిషాలు పట్టింది అంతే. పొద్దుటినుంచి నన్ను తిట్టిన నోళ్లే రాము అన్నను తిట్టడం మొదలుపెట్టాయి. ముక్క కూడా మార్చలేదు, నాకు రాసిన తిట్లే పేరు మార్చి ఆయనకు రాశారు. చీకటి పడకముందే ఫ్లెక్సీ దింపేశారు. పేజీ వాళ్లు తమ ప్రకటన తీసేశారు. క్షమాపణ పెట్టలేదు. నన్ను తిట్టిన తొమ్మిది వేల మందిలో ఒక్కడు, ఒకే ఒక్కడు కూడా తప్పయిందనలేదు. పోనీ, అది నేను అడగలేదు. అసలు బొమ్మను ఫోటో తీసి, నా పేరుతో, నా పేజీలో పెట్టాను. ఇప్పుడైనా బొమ్మ చూస్తారని ఆశపడ్డాను. మర్నాడు పొద్దుటికి ఐదు వేల మంది పేజీ వదిలి వెళ్లిపోయారు. బొమ్మకు వచ్చిన లైకులు పదమూడు. వాటిలో ఒకటి మా అమ్మ విద్యావతిది. ఆమెకు లైక్ కొట్టడం నేర్పింది నేనే.

తిట్టడానికి తొమ్మిది వేల మందికి తీరిక ఉంది. చూడడానికి పదమూడు మందికి. ఇదీ మా అభిమానం!

నాలుగు రోజులకు కృష్ణచైతన్య ఫోన్ చేశాడు. షాపులో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, మిషన్ చప్పుడు.

"సిస్టర్, ఆ రోజు మీరు చాలా బాగా హ్యాండిల్ చేశారండీ. వచ్చేనెల సినిమా రిలీజ్. క్రాస్ రోడ్స్ థియేటర్ దగ్గర నలభై అడుగుల కటౌట్ పెడుతున్నాం. బొమ్మ మీరే వేయాలి. ఈసారి మీ పేరు తప్పకుండా వేస్తాం. పెద్దగా. పూచీ నాది."

ఐదేళ్లుగా నేను ఎదురుచూసిన ఫోను అది. ఎంత పెద్ద అక్షరాలో కూడా చెప్పాడు. రెండడుగులు.

"ఎయ్యుండ్రి చైతన్య గారూ," అన్నాను. "నా పేరు రెండడుగులు ఎయ్యుండ్రి. పైన నలభై అడుగులు ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. బొమ్మ మాత్రం రాదు."