సాంబ్రాణి పట్టిన పలకలు

మద్రాసు సౌకార్‌పేటలో కస్తూరి వాళ్లది టోకు ఇంగువ దుకాణం. ఆయుధపూజనాడు అక్కడ త్రాసు మొదలు గల్లాపెట్టె దాకా అన్నిటికీ మూతలు తీసి సాంబ్రాణి పొగ చూపిస్తారు. మూత పెట్టినదానికి పూజ అందదని ఆ ఇంటి నమ్మకం. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నా కస్తూరికి ఆ అలవాటు పోలేదు. తొంభై ఆరులో, కాలేజీ ల్యాబులో పూజ చేసినప్పుడు ధూపం పట్టుకుని బల్లలన్నీ చుట్టేసింది. అదే ల్యాబులో పరిశోధన చేస్తున్న, తను సొంత చెల్లెలిలా చూసుకునే భువనేశ్వరి పలకల డబ్బాకైతే మూత తీసి మరీ పొగ పట్టింది. ఎంత ప్రేమో చూడండి.

అవి సిలికా పలకలు. వాటికి ఫ్లోరిన్ పూత పట్టించడానికి భువన నెలల తరబడి తంటాలు పడింది. ఉత్త సిలికా మీద నూనె చుక్క వేస్తే పరుచుకుపోతుంది. పూత కుదిరితే చుక్క గుండ్రంగా నిలబడాలి. పూజకు ముందే పూత పూసి డబ్బాలో పెట్టిన పలకల మీద సెలవులయ్యాక చుక్క వేసి చూస్తే, నిక్షేపంగా పరుచుకుపోయింది.

"పూత పట్టలేదమ్మా," అన్నారు గైడు జనార్దనం. "కాగే పొటాష్ క్షారంలో వేసి మొత్తం ఊడగొట్టి మొదట్నించీ చెయ్యి. ఈసారీ రాకపోతే ఈ టాపిక్ వేరేవాళ్లకు ఇచ్చేస్తాను."

కస్తూరికి తను పట్టిన పొగ గుర్తొచ్చింది. డబ్బాలోంచి ఒక పలక తీసుకుని పక్కగదికి పోయి, అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసింది. చుక్క నిలబడింది. పూత చెక్కుచెదరలేదు, పైన పట్టిన సాంబ్రాణి జిడ్డు మీదే నూనె పరుచుకుంది. అప్పుడే పరుగెత్తి చెప్పాల్సింది. కానీ ఎమ్మెస్సీ చదివి పలకలకు ధూపం వేశావా అని గైడు నవ్వుతారేమోనని సిగ్గేసింది. మొహం కడుక్కుంది, నీళ్లు తాగింది, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. చివరికి సిగ్గు చంపుకుని తిరిగొచ్చేసరికి మిగతా పలకలన్నీ సలసల కాగే పొటాష్‌లో ఉన్నాయి.

"నాకు చేతగాదేమో అక్కా," అంది భువన కళ్లు తుడుచుకుంటూ. "నీ చెయ్యి మంచిది. ఈసారి పలకలకు ముందే నువ్వు సాంబ్రాణి చూపించు."

ఆ మాటతో కస్తూరికి ఏడుపు ఆగలేదు. "ఆ పొగే నీ కొంప ముంచిందే. డబ్బా మూత తీసింది నేనే," అంటూ చేతిలోని పలక ముందు పెట్టింది.

భువన తిట్టలేదు. వంగి చుక్కనే చూసింది.

"ఇది నా పలకేనా?"

"నీదే. నీ పూత బాగా పట్టిందే."

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"ఇందాక... మొహం కడుక్కోను పోకముందు."

భువన పొటాష్ గిన్నె వైపు చూసింది.

"అప్పటికి ఇవింకా డబ్బాలోనే ఉండాయి గదక్కా," అంది.